కండువా మార్చినోని లెక్క

ఫుట్‌బాల్‌లో ప్లేయర్ కొత్త క్లబ్బుకి పోతే ఫస్ట్ చేయించే పని ఒకటుంది, ఆ క్లబ్బు కండువా రెండు చేతుల్తో తలమీదికి ఎత్తి పట్టుకొని ఫోటోకి నవ్వమంటారు. ఆ ఫోటో అనంతపురం టవర్ క్లాక్ దగ్గర ఎవరికి చూపించినా అర్థమైపోతుంది, ఆఫ్‌సైడ్ అంటే ఏందో తెలీని పెద్దాయన కూడా "ఓ, వీడు కండువా మార్చినాడా" అంటాడు. మనకి ఆ సీన్ అలవాటే కదా, పొద్దున ఒక పార్టీ సాయంత్రం ఇంకో పార్టీ, మెడ మాత్రం అదే.

కాకపోతే రాజకీయాల్లో కండువా మార్చినోడు ఐదేళ్లకి అదే ఊర్లో ఓట్లడిగి గెలిచేస్తాడు కూడా, ఫుట్‌బాల్ ఫ్యాన్ మాత్రం ఇరవై ఏళ్లైనా పేరు చెప్తే మొహం మాడ్చుకుంటాడు. అట్లని పోయినోళ్లందర్నీ ఒకే గాటన కట్టడు, అదే విచిత్రం. ఒకే దారిన పోయిన ఇద్దర్లో ఒకన్ని తిట్టి మర్చిపోతాడు, ఇంకొకని మీదికి పంది తలకాయ విసురుతాడు. ఈ తేడా ఎక్కడ పుడుతుందో చూస్తే, డబ్బు, కప్పులు, శత్రు క్లబ్బు, ఇవన్నీ ఉన్నా అసలు మంట వేరే చోట ఉందనిపిస్తుంది.

పంది తలకాయ అన్నది మాటవరసకి కాదు. లూయిస్ ఫిగో 2000 జులైలో స్పెయిన్ క్లబ్బు బార్సిలోనా వదిలి రియల్ మాడ్రిడ్‌కి పోయినాడు, దాదాపు 6 కోట్ల యూరోలు, అప్పటికి ప్రపంచ రికార్డు. దీని వెనక కూడా ఎలక్షనే ఉంది, ఫ్లోరెంటినో పెరెజ్ మాడ్రిడ్ ప్రెసిడెంట్‌గా నిలబడి, గెలిస్తే ఫిగోని తెస్తా, తేలేకపోతే మెంబర్ల సీజన్ టికెట్ల డబ్బు నేనే కడతా అని హామీ ఇచ్చినాడు (హామీ ఇచ్చి చేసిన నాయకుడు, ఆ లెక్కన మెచ్చుకోవాలి). 2002 నవంబర్‌లో ఫిగో మాడ్రిడ్ తెల్ల జెర్సీతో బార్సిలోనా గ్రౌండ్ క్యాంప్ నౌలో కార్నర్ కొట్టడానికి పోతే నాణేలు, లైటర్లు, విస్కీ బాటిల్, వాటితోపాటు ఆ పంది తల గడ్డి మీద వచ్చి పడినాయి, మ్యాచ్ దాదాపు పావుగంట ఆగిపోయింది.

అనంతపురానికి బార్సిలోనా మరీ దూరపు పేరేం కాదు. 1969లో ఇక్కడికి వచ్చి ఆర్‌డీటీ అనే సేవాసంస్థ పెట్టిన విన్సెంట్ ఫెర్రర్ పుట్టింది ఆ ఊర్లోనే, ఆర్‌డీటీ స్పోర్ట్స్ గ్రౌండ్‌లో ఫుట్‌బాల్ ఆడే పల్లె పిల్లోళ్లు స్పెయిన్ నుంచి వచ్చిపోయే మనుషుల్ని చూస్తూ పెరిగినోళ్లే. అందుకని ఫిగో కథ ఇక్కడ కొంచెం ఎక్కువే నలిగింది. మామూలుగా అందరూ చెప్పే కారణం ఏందంటే పోయింది బద్ధ శత్రువు దగ్గరికి కాబట్టి అంత కోపం అని. మరి మైకేల్ లౌడ్రప్ సంగతేంది? 1994లో ఆయన కూడా ఇదే బార్సిలోనా నుంచి ఇదే మాడ్రిడ్‌కే పోయినాడు. పైగా 1994 జనవరిలో బార్సిలోనా మాడ్రిడ్‌ని 5-0తో కొట్టినప్పుడు బార్సిలోనాలో ఉన్నాడు, సరిగ్గా ఏడాదికి మాడ్రిడ్ బార్సిలోనాని అదే 5-0తో కొట్టినప్పుడు మాడ్రిడ్‌లో ఉన్నాడు. ఇంతకన్నా పుండు మీద కారం ఉంటుందా? తిరిగొచ్చినప్పుడు ఈలలేసినారు, తిట్టినారు, నిజమే, కానీ ఇప్పుడు పాత బార్సిలోనా ఫ్యాన్‌ని కదిపితే లౌడ్రప్ పాసుల గురించి చెప్తాడు, ద్రోహం గురించి కాదు.

లౌడ్రప్‌కి పోవడానికి జనం ఒప్పుకునే కారణం ఉండింది. 1994లో ఏథెన్స్‌లో మిలాన్‌తో యూరప్ ఫైనల్, కోచ్ క్రైఫ్ ఆయన్ని టీంలోకే తీసుకోలేదు, బార్సిలోనా 4-0తో ఓడింది. పక్కన పెట్టినారు, పోయినాడు. ఫిగో అట్లా కాదు. పోయే కొన్ని రోజుల ముందు కూడా పేపర్‌కి ఇంటర్వ్యూ ఇచ్చి నేను బార్సిలోనాలోనే ఉంటా అన్నాడు. ఆ మాట నమ్మి ఎంతమంది బార్లో, ఆఫీసులో, అత్తగారింట్లో ఫిగో తరపున కొట్లాడినారో లెక్క తీయలేం. వాళ్లందరి మాట ఒక్క రోజులో పోయింది.

ఇక్కడే ఉంది అసలు విషయం. ఫ్యాన్‌కి మండేది ప్లేయర్ పోయినందుకు కాదు, ప్లేయర్‌ని నమ్ముకొని తను చెప్పిన మాట పోయినందుకు.

ఇది అర్థం కావాలంటే లండన్ పోనక్కర్లేదు, సప్తగిరి సర్కిల్ వైపు ఒక ఉగ్గాని బండి దగ్గర పొద్దున ఎనిమిదింటికి నిలబడితే చాలు. ఇంజనీరింగ్ హాస్టల్ పిల్లోళ్లు చలికాలంలో రాత్రి ఒకటిన్నరకి యూరప్ క్లబ్బుల ఛాంపియన్స్ లీగ్ మొదలైతే దుప్పటి కింద ఫోన్ పెట్టుకొని చూసి, ఎర్రటి కళ్లతో వచ్చి ఇంకో బజ్జీ వెయ్యన్నా అంటూ వాదించుకుంటుంటారు. వీళ్లకి ఆ క్లబ్బుతో ఊరి సంబంధం లేదు, తాత తండ్రి కట్టిపెట్టిన సీటు లేదు, స్టేడియం గేటు ఎట్లుంటుందో కూడా టీవీలో చూసిందే. వీళ్ల దగ్గర ఉండే ఆస్తి అంతా ఆ వాదనే. "మావోడు యాడికీ పోడు, రాసిస్తా" అని పదిమంది ముందర అన్నోడికి, మర్నాడు ఆ మావోడు కండువా పైకెత్తిన ఫోటో వాట్సాప్ గ్రూపులో వచ్చి పడితే, కింద నలభై నవ్వుల ఎమోజీలుంటే, వాని పరిస్థితి ఊహించుకోండి. వానికి నష్టం ఒక్క రూపాయి కూడా లేదు. పరువు ఒకటే పోయింది.

జెర్సీల మీద కూడా ఇది కనిపిస్తుంది. మూడొందల యాభైకి కొన్న లోకల్ జెర్సీ, వెనక పేరు వేడి మీద అతికించిన అక్షరాలు. ప్లేయర్ పోయిన రోజు వాటిని గోరుతో గీకుతారు, ఒక్కో అక్షరం చుట్టుకుంటూ ఊడొస్తుంది, గోరు కింద తెల్ల పొట్టు ఇరుక్కుంటుంది, గమ్ము మాత్రం పోదు. ఎండలో నిలబడితే ఆ పేరు మళ్లీ చదవచ్చు. దుమ్ము పట్టుకొని ఇంకా నల్లగా తేలుతుంది. చివరికి దాన్ని బైక్ తుడిచే గుడ్డ చేస్తారు, అదొక శిక్షలెండి.

ఇప్పుడు డబ్బు సంగతి. డబ్బుకి అమ్ముడుపోయినాడు అనేది యూరప్‌లో పెద్ద తిట్టు. సీమలో ఈ తిట్టుకి అంత పదును లేదు, ఉండదు కూడా. కడప పక్క, రాజంపేట రాయచోటి వైపు ఎంతమంది ఇళ్లు కువైట్ డబ్బుతో లేచినాయో అందరికీ తెలుసు, అనంతపురంలో డిగ్రీ చేతికొచ్చిన పిల్లోడు బెంగళూరు బస్సెక్కకపోతేనే ఇంట్లో అడుగుతారు ఏమైందిరా అని. ఎక్కువ జీతానికి పోయినోన్ని ద్రోహి అంటే సగం ఊరు ద్రోహులే. అందుకని ఇక్కడి ఫ్యాన్ డబ్బు దగ్గర కొంచెం ఉదారంగా ఉంటాడు, చెప్పి పోయినాడా చెప్పకుండా పోయినాడా అని చూస్తాడు. నిజానికి యూరప్‌లో కూడా గట్టిగా తరచి చూస్తే అంతే. ఆష్లీ కోల్ 2006లో ఆర్సెనల్ నుంచి చెల్సీకి పోయినాడు, ఫ్యాన్స్ అతని మొహం ప్రింట్ చేసిన దొంగనోట్లు ఊపినారు. కానీ ఆ కోపాన్ని ఇన్నేళ్లు బతికించింది జీతం కాదు, ఆయనే తన పుస్తకంలో రాసుకున్న ముక్క. వారానికి 55 వేల పౌండ్లే ఇస్తామన్నారని ఫోన్‌లో విని కోపంతో కారు రోడ్డు దిగబోయినంత పనైందని రాసినాడు. వారానికి 55 వేల పౌండ్లు! వారం కూలి లెక్కేసుకొని టికెట్ కొనేవాడు ఆ లైన్ చదివితే ఎట్లుంటుంది. నోరు మూసుకొని పోయుంటే అందులో సగం మర్చిపోయేవాళ్లు.

రాబిన్ వాన్ పెర్సీది కూడా నోటి దూలే. 2011-12 లీగ్‌లో ఆర్సెనల్‌కి 30 గోల్స్ కొట్టి, కెప్టెన్ అయ్యుండి, మరుసటి సీజన్‌కి 2.4 కోట్ల పౌండ్లకి మాంచెస్టర్ యునైటెడ్‌కి పోయినాడు. పోతూ నాలోపలుండే చిన్నపిల్లోడు యునైటెడ్ అని అరుస్తున్నాడు అన్నట్టు చెప్పినాడు, ఆ చిన్నపిల్లోని మీద ఆర్సెనల్ వాళ్లు ఇప్పటికీ జోకులేస్తారు. పోయిన మొదటి ఏడాదే 26 గోల్స్, లీగ్ టైటిల్, దానిపైన 2013 ఏప్రిల్‌లో ఆర్సెనల్ గ్రౌండ్ ఎమిరేట్స్‌కి వస్తే ఆర్సెనల్ ప్లేయర్లే రెండు వరసల్లో నిలబడి చప్పట్లు కొట్టి లోపలికి పంపాల్సి వచ్చింది. పోయినోడు అక్కడ చతికిలబడుంటే జాలైనా పుట్టేది, వీడు పోయి గెలిచి మన ఇంటికే వచ్చి మర్యాద చేయించుకున్నాడు.

ఆ చతికిలబడే లెక్కకి ఫెర్నాండో టోరెస్ ఉన్నాడు. 2011 జనవరి 31న, ట్రాన్స్‌ఫర్ గడువు చివరి రోజు, 5 కోట్ల పౌండ్లకి లివర్‌పూల్ నుంచి చెల్సీకి పోయినాడు, జెర్సీలు తగలబెట్టినారు. చెల్సీలో తొలి మ్యాచే లివర్‌పూల్ మీద పడింది, ఓడిపోయినాడు. తర్వాత ఆ పాత టోరెస్ మళ్లీ కనిపించలేదు, 2012లో ఛాంపియన్స్ లీగ్ మెడల్ వచ్చినా సరే. ఈలోపు లివర్‌పూల్‌కి అదే నెల్లో కొన్న సువారెజ్ దొరికినాడు. నాలుగేళ్లకి 2015లో లివర్‌పూల్ కెప్టెన్ జెరార్డ్ చారిటీ మ్యాచ్‌కి ఆ క్లబ్బు గ్రౌండ్ ఆన్‌ఫీల్డ్‌లో అడుగుపెడితే చప్పట్లు కొట్టినారు. తగలబెట్టిన చేతులే. అంటే క్షమించే ముందు ఫ్యాన్ చూసుకునేది తన కడుపు నిండిందా లేదా అని, ఇది అంత గొప్ప గుణం కాదు కానీ నిజం.

కుటీన్యో ఇంకా చక్కని ఉదాహరణ. 2018 జనవరిలో ఆయన్ని లివర్‌పూల్ బార్సిలోనాకి 14 కోట్ల పౌండ్ల దాకా వచ్చే లెక్కన అమ్మింది, దాంట్లో సగం డిఫెండర్ వాన్ డైక్‌కి సరిపోయినాయి, గోల్‌కీపర్ ఆలిసన్ కూడా ఆ ఏడాదే వచ్చినాడు, 2019లో ఛాంపియన్స్ లీగ్ కొట్టినారు, మధ్యలో సెమీఫైనల్‌లో అదే కుటీన్యో ఆడిన బార్సిలోనాని 4-0తో పంపించినారు. ఇంక కోపం ఎందుకుంటుంది, థాంక్స్ చెప్తారు. అదే లివర్‌పూల్‌లో ఆరేళ్ల వయసు నుంచి పెరిగిన ట్రెంట్ అలెగ్జాండర్-ఆర్నాల్డ్ 2025లో కాంట్రాక్ట్ అయిపోయే దాకా ఆగి రియల్ మాడ్రిడ్‌కి పోతున్నానని మే నెల్లో చెప్తే, లీగ్ గెలిచిన సంబరాల మధ్యే సొంత గ్రౌండ్‌లో ఆర్సెనల్ మ్యాచ్‌కి దిగినప్పుడు బూ అని అరిచినారు. క్లబ్ వరల్డ్ కప్ కోసం కొన్ని రోజులు ముందే పంపించినందుకు మాడ్రిడ్ కొంచెం ఇచ్చింది కానీ ఆయన విలువ ముందర అది చిల్లర.

ఇట్లా ఉత్త చేతుల్తో క్లబ్బుని వదిలి పోవడం అనేది 1995 డిసెంబర్ 15 ముందర చాలాచోట్ల కుదిరేది కాదు. బెల్జియంలో లియేజ్ క్లబ్బుకి ఆడిన జాన్-మార్క్ బోస్మన్ అనే మామూలు ప్లేయర్, కాంట్రాక్ట్ అయిపోయినా ఫ్రాన్స్‌లోని డంకర్క్‌కి పోనీయకుండా క్లబ్బు డబ్బు అడుగుతుంటే కోర్టుకెక్కినాడు, యూరప్ కోర్టు ఆయన వైపు తీర్పిచ్చింది. అంతకుముందు కాంట్రాక్ట్ అయిపోయినా మనిషి క్లబ్బు చేతిలోనే ఉండేవాడు, ఇప్పుడు చూస్తే అన్యాయం. న్యాయం ప్లేయర్ వైపే, కానీ ఫ్యాన్ లెక్కలో మాత్రం ఫీజు రాకుండా పోయినోడు ఇంట్లో సామాను సర్దుకొని రాత్రికి రాత్రి పోయినట్టు. ఆ తీర్పు వాడుకొని జనం నెత్తిన పిడుగు వేసినోడు సోల్ క్యాంప్‌బెల్. 2001లో ఆర్సెనల్ ప్రెస్ మీట్ అంటే విలేకరులు గోల్‌కీపర్ రిచర్డ్ రైట్‌ని చూపిస్తారనుకొని వచ్చినారు, తలుపు తీసుకొని వచ్చింది టోటెన్‌హామ్ కెప్టెన్. ఆర్సెనల్‌కి పోనని అంతకుముందు అన్నాడని టోటెన్‌హామ్ వాళ్లు ఇప్పటికీ గుర్తుచేస్తారు. మూడేళ్లకి 2004లో ఆర్సెనల్ లీగ్ ఖాయం చేసుకుంది ఎక్కడా అంటే టోటెన్‌హామ్ గ్రౌండ్‌లోనే, క్యాంప్‌బెల్ ఆ టీంలోనే. మాట తప్పడం, ఫీజు లేకపోవడం, పక్కింటికే పోవడం, పోయి గెలవడం, అన్నీ ఒకే మనిషిలో. దానికి మందు లేదు.

చెయ్యి దాటిపోయినాక కొన్ని పనులు మాటకన్నా గట్టిగా పనిచేస్తాయి. రాబర్టో బాజ్జోని 1990లో ఫియోరెంటినా యువెంటస్‌కి అమ్మేస్తే ఫ్లోరెన్స్ వీధుల్లో గొడవలైనాయి. మరుసటి ఏడాది ఫ్లోరెన్స్‌లో మ్యాచ్, యువెంటస్‌కి పెనాల్టీ వచ్చింది, బాజ్జో కొట్టనన్నాడు. తర్వాత ఆయన్ని బయటికి తీసుకున్నప్పుడు ఎవరో ఫియోరెంటినా కండువా విసిరితే దాన్ని చేతిలోకి తీసుకొని నడిచినాడు. యువెంటస్ వాళ్లకి కాలింది, అది వేరే కథ. అదే ఊరి దేవుడు బాటిస్టుటా, టీం రెండో డివిజన్‌కి పడిపోయినా వదలకుండా ఆడినోడు, 2000లో రోమాకి పోయి ఫియోరెంటినా మీద గోల్ కొట్టి ఏడ్చినాడు, ఎవరూ ఒక్క మాట అనలేదు. 2009లో అడెబయోర్ ఇంకో రకం, మాంచెస్టర్ సిటీ తరపున ఆర్సెనల్ మీద గోల్ కొట్టి, గ్రౌండ్ ఆ చివర నుంచి ఈ చివర దాకా పరిగెత్తుకొచ్చి పాత ఫ్యాన్స్ ముందర మోకాళ్ల మీద జారినాడు. ఇన్నేళ్లకి ఆ పరుగు గుర్తుంది, ఆర్సెనల్‌కి కొట్టిన గోల్స్ గుర్తులేవు.

గుర్తు అనే సరుకు ఎంత నమ్మరానిదో డెనిస్ లా చెప్తాడు. మాంచెస్టర్ యునైటెడ్ మహారాజు, చివర్లో సిటీకి పోయినాడు, 1974 ఏప్రిల్‌లో యునైటెడ్ గ్రౌండ్ ఓల్డ్ ట్రాఫర్డ్‌లో మడమతో కొట్టిన గోల్‌కి యునైటెడ్ ఓడింది, కింది డివిజన్‌కి పడింది. లా గోల్ వల్లే పడిందని అందరూ చెప్తారు, కానీ ఆ రోజు వేరే మ్యాచ్‌ల రిజల్ట్స్ వల్ల ఆ గోల్ లేకున్నా పడేదే. ఆయన సంబరం చేసుకోలేదు, తల వంచుకొని పోయినాడు. విచిత్రం ఏందంటే యునైటెడ్ ఫ్యాన్స్ ఆ అబద్ధాన్ని నమ్ముతూనే ఆయన్ని ప్రేమించినారు, జార్జ్ బెస్ట్, బాబీ చార్ల్‌టన్‌ల పక్కన ఆయన విగ్రహం అదే గ్రౌండ్ బయట ఉంది. వేన్ రూనీది కూడా చూడండి, ఎవర్టన్ పిల్లోడిగా ఒకసారి నీలివాడైతే ఎప్పటికీ నీలివాడే అని రాసిన టీషర్ట్ వేసుకొని చూపించి, 2004లో 18 ఏళ్లకే యునైటెడ్‌కి పోయినాడు, ఆ టీషర్ట్‌తోనే పదమూడేళ్లు కొట్టినారు, 2017లో తిరిగొస్తే ఇంట్లో కూర్చోబెట్టుకున్నారు.

మన పక్క మనిషి ఒకాయన ఈ లెక్కలన్నిటికీ అందడు. హైదరాబాద్ మహమ్మద్ హబీబ్, బడే మియా. 1970ల్లో కలకత్తాలో ఈస్ట్ బెంగాల్, మోహన్ బగాన్, మహమ్మడన్ స్పోర్టింగ్ మూడింటికీ ఆడినాడు, అటు పోయి ఇటు వచ్చి మళ్లీ పోయి. సీజన్ ముందర ప్లేయర్లని అవతలి క్లబ్బుకి దొరక్కుండా దాచిపెట్టే ఊరు అది. 1977లో పెలే కాస్మోస్ టీంతో వస్తే మోహన్ బగాన్ 2-2తో నిలబెట్టింది, అందులో ఒక గోల్ హబీబ్‌దే. 2023 ఆగస్టు 15న చనిపోయినప్పుడు మూడు క్లబ్బుల వాళ్లూ మావాడే అన్నారు. ఎవరికీ లేనిపోని మాట ఇవ్వలేదు, ఏ జెర్సీ వేసుకుంటే ఆ జెర్సీకి చెమట పిండినాడు, అంతే కదా. దానికి పూర్తి వ్యతిరేకం కేరళ బ్లాస్టర్స్ క్లబ్బు, దానికి ఆడిన సందేశ్ జింగన్. 2020లో పోతుంటే గౌరవంగా 21 నంబర్ జెర్సీనే రిటైర్ చేసిన క్లబ్బు అది, 2022లో వాళ్లతో మ్యాచ్ అయినాక నోరు జారిన ఒక్క మాటకి ఆ నంబర్ వెనక్కి తెచ్చేయండని ఫ్యాన్సే అడిగినారు. తర్వాత ఆయన సారీ చెప్పినాడు. పోయినందుకు పెట్టిన దండ, మాటకి తీసేయమన్నారు.

ఇంకో రకం ఫ్యాన్ ఉన్నాడు, కర్నూలు కడపల్లో ఇప్పుడు వీళ్లే ఎక్కువ. క్లబ్బు కాదు, మనిషి వెనక పోయేవాళ్లు. 2021 ఆగస్టు 8న మెస్సీ టిష్యూతో కళ్లు తుడుచుకుంటూ బార్సిలోనాకి సెలవు చెప్తే అక్కడ ఊరు ఏడ్చింది, ఇక్కడి పిల్లోళ్లు వారం ఏడ్చి పారిస్ మ్యాచ్ టైమింగ్స్ వెతుక్కున్నారు, 2023లో మయామి పింక్ జెర్సీ కొన్నారు. వీళ్లకి ద్రోహం అనే మాటే పుట్టదు. క్రికెట్‌లో డేవిడ్ వార్నర్ మీద మన ప్రేమ కూడా ఇదే జాతి, 2016లో సన్‌రైజర్స్‌కి కప్పు తెచ్చినోన్ని 2021లో కెప్టెన్సీ తీసేసి చివరికి టీం నుంచే తప్పించినారు, మరుసటి ఏడాది ఢిల్లీ తరపున సన్‌రైజర్స్ మీద 92 నాటౌట్ కొడితే మనోళ్లు విజిలేసినారు. పోయినోడు వేరు, పంపించేసినోడు వేరు, ఈ తేడా మాత్రం ఎవరూ తప్పు పట్టరు.

హైదరాబాద్ ఎఫ్‌సీ కథలో అయితే తిట్టడానికి మనిషే మిగల్లేదు. 2019లో మొదలైంది, 2022 మార్చిలో గోవాలో పెనాల్టీల మీద కేరళని ఓడించి ఐఎస్ఎల్ (మన దేశపు ఫుట్‌బాల్ లీగ్) కప్పు కొట్టింది. తర్వాత డబ్బు కష్టాలు, జీతాలు ఆగిపోయినాయి, ప్లేయర్లు ఒక్కొక్కరే పోయినారు. ఒక్కన్ని కూడా ఎవరూ కండువా మార్చినాడు అనలేదు, జీతం రాకుంటే ఏం తిని ఆడతాడు. 2025లో క్లబ్బే పేరు మార్చుకొని ఢిల్లీకి పోయింది. కర్నూలు నుంచి బస్సులో నాలుగ్గంటలు కూర్చొని గచ్చిబౌలికి పోయి చూసొచ్చిన పిల్లోని దగ్గర ఆ పసుపు జెర్సీ ఇంకా ఉంటుంది. వెనక ఏ పేరూ వేయించలేదు, గోరుతో గీకడానికి కూడా ఏం లేదు.